తప్పుల పెట్టెకు ఒక వెబ్‌సైటు

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఎదురైతే, "ఆంటీ, వెబ్‌సైట్లు చేయడం ఎక్కడ నేర్చుకున్నారు? ఏ కోర్సు?" అని అడుగుతారు. యాభై దాటాక నేర్చుకున్నానని వాళ్ళకి ఎవరో చెప్పి ఉంటారు. కోర్సు ఏమీ లేదమ్మా, నడుస్తున్న సైటును నా చేత్తోనే పడగొట్టి నేర్చుకున్నాను అంటే నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ జరిగింది అదే. సైటు పడిపోయిన శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా నా ప్రాణం నాలో లేదు. అయినా ఆ మూడు రోజులంత హుషారుగా నా ముప్ఫై ఏళ్ళ నౌకరీలో ఇంకెప్పుడూ బతకలేదు.

నేను పనిచేసింది జంషెడ్‌పూర్‌లో, సాక్చి బజారు వెనక సందులో, ఒక ట్రస్టు నడిపే చిన్న ట్రైనింగ్ సెంటర్‌లో. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ పనులు నేర్పేవారు. నేను ఆఫీసు అసిస్టెంటుని. అడ్మిషన్ ఫారాలు, హాజరు పట్టీలు, సర్టిఫికెట్లు, ప్రిన్సిపాల్ గారి ఉత్తరాలు, మొండికేసిన జెరాక్స్ మెషీన్‌ని బతిమాలడం, అన్నీ నావే. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి టాటానగర్ స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేశాడు. నేను రైల్వే క్వార్టర్‌లో పుట్టి, హిందీ మీడియంలో చదివి, అమ్మ దగ్గర తెలుగు రాయడం నేర్చుకున్నాను. ఈ రెండు భాషలూ తర్వాత ఎంత పనికొస్తాయో అప్పుడు తెలియదు.

సెంటర్‌కి అంతకు ముందే ఒక వెబ్‌సైటు ఉండేది. బయటి మనిషి ఎవరో కట్టి ఇచ్చాడు. తెల్ల హెల్మెట్లు పెట్టుకుని, మరక లేని చొక్కాలు తొడుక్కుని నవ్వుతున్న విదేశీయుల ఫొటోలు అందులో ఉండేవి. మా వెల్డింగ్ షెడ్డులో చొక్కా పది నిమిషాలు శుభ్రంగా ఉండదు. ఆ మనిషి వేరే ఊరు వెళ్ళిపోతూ పాస్‌వర్డ్ కూడా తనతోనే పట్టుకుపోయాడు. ఎప్పటిదో ఛఠ్ పండగ సెలవుల నోటీసు మొదటి పేజీలో అలాగే మెరుస్తూ ఉండేది. నిజంగా సెలవేమో అనుకుని ఫోన్లు చేసేవారు.

చివరికి ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "మీకు టైపింగ్ బాగా వచ్చు కదా, ఆప్ హీ కర్ దీజియే" అని సైటు పని నా మీద పెట్టారు. టైపింగ్ వస్తే వెబ్‌సైటు వస్తుందని ఆయన నమ్మకం. ఆయన అంత ధీమాగా చెప్పేసరికి నేనూ నమ్మేశాను.

ఇంటికి వెళ్ళి మా అమ్మాయిని అడిగితే, "ఓపెన్ సోర్స్ వాలా లేలో మమ్మీ" అని రెండు ముక్కలు చెప్పి తన పనిలో పడిపోయింది. ఆ మాట పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. దేశదేశాల వాళ్ళు కలిసి రాసిన సాఫ్ట్‌వేరట. ఎవరైనా తెచ్చుకుని వాడుకోవచ్చట. లోపల ఏం రాసి ఉందో విప్పి చూడవచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు. జెరాక్స్ మెషీన్ మూత తీయాలన్నా కంపెనీ మనిషి కోసం వారం రోజులు ఎదురుచూసిన దాన్ని నేను. విప్పి చూడమని వాళ్ళే చెబుతున్నారంటే నమ్మలేకపోయాను. ఒక ఫైలు తెరిచి చూశాను. ముక్క అర్థం కాలేదు. కానీ మధ్యలో ఎవరో ప్రోగ్రామర్ తన తర్వాత వచ్చే వాళ్ళ కోసం, ఇక్కడ జాగ్రత్తగా ఉండండని చిన్న మాట రాసిపెట్టి ఉంచాడు. ఆ మనిషి ఏ దేశంలో ఉన్నాడో, బతికున్నాడో లేదో తెలియదు. నాతో మాట్లాడినట్టే అనిపించింది. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

నేను కట్టిన మొదటి పేజీ గురించి కూడా చెప్పాలి. ఎలా కనిపిస్తుందో చూడటానికి ఏదో ఒకటి టైపు చేయాలి కదా, ఆ పూట బజారులో కొనాల్సిన సరుకులు గుర్తొచ్చి అవే కొట్టాను. చింతపండు, ఎండు రొయ్యలు, అప్పడాలు. అది నాకొక్కదానికే కనిపిస్తోందని అనుకున్నాను. మూడు రోజుల తర్వాత చాయ్‌బాసా నుంచి ఒక తండ్రి కొడుకుని చేర్పించడానికి వచ్చి, "ఎండు రొయ్యలు మేమే తెచ్చుకోవాలా, హాస్టల్లో ఇస్తారా?" అని వినయంగా అడిగాడు. మాకు హాస్టలే లేదు.

అలా పడుతూ లేస్తూ రెండు నెలల్లో సైటు నిలబడింది. తెల్ల చొక్కాల వాళ్ళని పంపించేసి మా షెడ్లు, మా లేత్ మెషీన్లు, మా విద్యార్థుల ఫొటోలు పెట్టాలని ఫోను పట్టుకుని వర్క్‌షాపులోకి వెళ్ళాను. అక్కడ మా వెల్డింగ్ మాస్టారి పెట్టె కంటబడింది.

ఆయన గురించి చెప్పాలి. పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదో ఏట పని వెతుక్కుంటూ వచ్చిన మనిషి. డిగ్రీ లేదు, డిప్లొమా లేదు. చేతులే ఆయన సర్టిఫికెట్. క్లాసులో బోర్డు వాడేవారు కాదు. ఎర్ర రంగు వేసిన ఒక పాత చెక్కపెట్టె ఉండేది ఆయనకి. అందులో ముప్ఫయ్యేళ్ళుగా విద్యార్థులు పాడు చేసిన వెల్డింగ్ ముక్కలన్నీ దాచారు. ఒక్కొక్కదాన్ని కోసి, లోపలి భాగం కనబడేలా రుద్ది, తెల్ల పెయింటుతో నంబరు వేశారు. ఏ నంబరు ముక్క ఎందుకు పాడైందో ఆయనకి నోటికి వచ్చు.

నేను ఆ ముక్కల్ని బల్ల మీద పరిచి ఫొటోలు తీస్తుంటే ఆయన వచ్చారు.

"ఏటి సెల్లెమ్మా, ఏటి సేత్తన్నావు?"

"ఫొటోలు తీత్తన్నా మాస్టారూ. సైట్లో పెడదామని."

"పాడైపోన ముక్కలా? ఈటినెవుడు సూత్తాడు? మంచియి తియ్యి."

"మంచివి అందరూ పెడతారు మాస్టారూ. ఇవి మీ దగ్గరే ఉన్నాయి. ఒక్కోటీ ఎందుకు పోయిందో చెప్పండి, నేను రాసుకుంటాను."

ఆయన బల్ల మీంచి నలభై ఒకటో నంబరు ముక్క తీసి నా అరచేతిలో పెట్టారు. "ఇది సూడు. పైన ఎలగ మెరుత్తన్నాదో! తిప్పి సూడు. లోపల జల్లెడ. వానకాలంలో రాడ్లు తడిసిపోనాయి. ఎండబెట్టకుండా, ఓవెన్లో కాల్చకుండా అలగే వాడేసినాడు. తడి గాలి బుడగలయిపోయి లోపల ఉండిపోనాది. దీని మీద బరువేత్తే ఏటవుద్ది? ఇరిగిపోద్ది. కింద మనిసుంటే..." అని ఆగిపోయారు.

అలా మొదలైంది. మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన డబ్బా విప్పుకుంటూ చెప్పడం, నేను రాసుకోవడం. ఆయన తెలుగులో చెప్పేది హిందీలోకి మార్చి పెట్టేదాన్ని. కింద తెలుగులో కూడా పెట్టేదాన్ని, ఎందుకంటే మా వైపు నుంచి వచ్చి కాంట్రాక్టు పనులు చేసుకునేవాళ్ళు ఈ దేశంలో ఎక్కడ లేరు? ఆరు నెలల్లో నూట పన్నెండు ముక్కలూ ఎక్కాయి. పేజీ పేరు 'తప్పుల పెట్టె'.

చూసేవాళ్ళు వస్తారని నేను అనుకోలేదు. వచ్చారు. ప్రశ్నలు అడిగారు. తమ చేతుల మీదుగా పాడైన వెల్డింగుల ఫొటోలు పంపి, ఇదెందుకిలా అయింది గురూజీ అన్నారు. మాస్టారు కంప్యూటర్‌కి బారెడు దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "కరెంటు ఎక్కువెట్టినాడని రాయి", "పిల్లడు తొందరపడ్డాడు, నెమ్మదిగా లాగమను" అని చెప్పేవారు. నేను కొట్టేదాన్ని. ఇద్దరం కలిసి ఒక కొత్త క్లాసు నడుపుతున్నట్టు ఉండేది.

అప్పుడే ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చింది. వెల్డింగ్ విభాగంలో చేరేవాళ్ళు తగ్గిపోయారు, మెషీన్లు పాతబడ్డాయి, దాన్ని మూసేయాలా వద్దా అని నిర్ణయించడానికి ముగ్గురు సభ్యులు సోమవారం వస్తున్నారు. మూసేస్తే సగం కోర్సులో ఉన్న పద్దెనిమిది మంది ఎటు పోవాలో ఆ ఉత్తరంలో లేదు. రిటైర్మెంటుకి రెండేళ్ళున్న మాస్టారి సంగతీ లేదు.

ఆయనకి చదివి వినిపించాను. విని, గ్లౌజులు తొడుక్కుని, "సరే, పిల్లలొచ్చీసినారు" అని షెడ్డులోకి వెళ్ళిపోయారు.

శనివారం పొద్దున ప్రిన్సిపాల్ గారు మొదటిసారి సైటు మొత్తం చూశారు. వెంటనే నాకు కబురు. "యే క్యా హై?" అని స్క్రీన్ చూపించారు. "మన విద్యార్థులు చేసిన పాడు పనంతా ప్రపంచానికి చూపిస్తున్నామా? సోమవారం వాళ్ళు ఇది చూస్తే ఇంక విభాగం ఉంచుతారా? తీసేయండి. ఈరోజే."

ఆయన్ని ఇప్పుడు తప్పుపట్టను. ఆయన కూడా విభాగాన్ని కాపాడాలనే చూశారు. నాకు మాత్రం ఆ పేజీల్ని తీసేయడానికి చెయ్యి రాలేదు. వెతికితే రెండు ప్లగిన్లు దొరికాయి. ప్లగిన్ అంటే సైటుకి అదనంగా తగిలించుకునే చిన్న పనిముట్టు. ఒకటి మనం చెప్పిన పేజీల్ని బయటివాళ్ళకి కనబడకుండా దాస్తుంది. రెండోది కింద జనం రాసిన మాటల్ని మూసేస్తుంది. రెండూ తగిలించాను. తప్పుల పెట్టె మాయమైంది. వాళ్ళు వచ్చి వెళ్ళాక మళ్ళీ తెరుద్దాంలే అనుకున్నాను.

అంతటితో లేచి ఇంటికి వెళ్ళిపోతే ఈ కథే లేదు. స్క్రీన్ పైన ఎర్ర రంగులో పదకొండు అని అంకె కనబడింది. పదకొండు పాత ప్లగిన్లని కొత్తవాటితో మార్చుకోవాలని గుర్తు. సోమవారానికి సైటు తళతళలాడాలి కదా అని అన్నింటినీ ఎంచుకుని, ఒక్కసారే నొక్కేశాను.

స్క్రీన్ తెల్లబడింది. ఒక అక్షరం లేదు, గీత లేదు. మళ్ళీ తెరిచాను. తెలుపు. ఫోన్‌లో తెరిచాను. తెలుపు. చివరికి నేను లోపలికి వెళ్ళే తలుపు కూడా తెలుపే.

పెన్‌డ్రైవ్‌లో కాపీ తీసిపెట్టాను కదా అని ధైర్యం తెచ్చుకున్నాను. తెరిచి చూస్తే ఫొటోలున్నాయి, ప్రోగ్రామ్ ఫైళ్ళున్నాయి, మాస్టారు చెప్పిన మాట ఒక్కటీ లేదు. రాసిందంతా డేటాబేస్ అని వేరే చోట ఉంటుందని, దానికి వేరే కాపీ తీసుకోవాలని నాకు ఆ క్షణాన తెలిసింది. ఆరు నెలల మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి.

షెడ్డులోకి పరుగెత్తాను. మాస్టారు ముఖం మీద షీల్డు పైకెత్తి చూశారు.

"మాస్టారూ, అంతా పోనాది. మీరు చెప్పిందంతా పోనాది. నేనే పోగొట్టాను."

"ఏటి పోనాది? కూకో ముందు. నీళ్ళు తాగు."

చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను, దాచడం ఎందుకు. ఆయన పూర్తిగా విని, "ముక్కలు పెట్టెలోనే ఉన్నాయి గదా. నాను బతికే ఉన్నాను గదా. పోతే మల్లీ సెప్తాను, మల్లీ రాద్దుం. ఏడుపెందుకు?" అన్నారు. తర్వాత కొంచెం ఆలోచించి, "అవునుగానీ, పదకొండూ ఒక్కపాలే ఎందుకు మార్చినావు? ఏది సెడగొట్టిందో ఎలగ తెలుత్తాది ఇప్పుడు? ఒక్కోటీ మార్చి సూడాల గదా" అన్నారు. కంప్యూటర్ కీబోర్డు మీద వేలు పెట్టని మనిషి, నా తప్పు ఎక్కడుందో నాకంటే ముందు పట్టేశారు.

ఆ సాఫ్ట్‌వేరు వాడేవాళ్ళు ఒకరినొకరు అడిగి తెలుసుకునే చర్చావేదిక ఒకటి ఉంది. అప్పటిదాకా ఇతరులు రాసింది చదవడమే గానీ నేనెప్పుడూ అడగలేదు. నా ఇంగ్లీషు చూసి నవ్వుతారని భయం. ఆ మధ్యాహ్నం సిగ్గు విడిచి అడిగాను. ఏం చేశానో, ఏ క్రమంలో చేశానో, సోమవారం ఎవరొస్తున్నారో, అన్నీ రాసేశాను. చివర్లో దయచేసి అని మూడుసార్లు రాశాను.

ఆదివారం పొద్దున ఇంట్లో ఉప్మాకి పోపు వేస్తుంటే ఫోను మోగింది. జవాబు! ఎవరో తెలియదు. పేరు స్థానంలో రెండు అక్షరాలు, ఒక అంకె. కంగారు పడకండి, మీరు రాసినదంతా డేటాబేస్‌లో భద్రంగా ఉంది, కొత్తగా మార్చిన ప్లగిన్లలో ఏదో ఒకటి సైటును ఆపేస్తోంది, ప్లగిన్లున్న ఫోల్డర్ పేరు మార్చండి, అన్నీ ఒకేసారి ఆగిపోతాయి, సైటు లేస్తుంది, తర్వాత పేరు సరిచేసి ఒక్కొక్కటే వేసుకుంటూ చూడండి అని రాసి ఉంది. స్టవ్ ఆపేశాను. పోపు సగంలో ఉంది. మా ఆయన, "మరి ఉప్మా?" అంటున్నారు. అగ్రికో మార్కెట్ దగ్గర ఆటో ఎక్కుతూ మాస్టారికి ఫోన్ చేశాను. "వత్తన్నా" అన్నారు.

వాచ్‌మన్ గేటు తీశాడు. ఖాళీ ఆఫీసులో నేను కుర్చీలో, మాస్టారు ఎప్పటిలాగే బారెడు దూరంలో. ఆ ఫోల్డర్ దొరకబుచ్చుకునేసరికి గంట పట్టింది. పేరు చివర ఒక అక్షరం తగిలించాను. సైటు తెరిచాను.

వచ్చింది! రంగులు అటూ ఇటూ అయ్యాయి గానీ మా గేటు, మా షెడ్డు, మా పిల్లలు, నూట పన్నెండు ముక్కలు, అన్నీ ఉన్నాయి. నేను అరిచిన అరుపుకి వాచ్‌మన్ లాఠీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మాస్టారు మొదటిసారి స్క్రీన్ దగ్గరికి వంగి, నలభై ఒకటో ముక్కని గుర్తుపట్టి, "ఉన్నాది, ఉన్నాది" అన్నారు చిన్నపిల్లాడిలా.

తర్వాత ఒక్కొక్కటే వేసుకుంటూ పోయాం. నేను ఎప్పటికప్పుడు నోటుపుస్తకంలో రాసుకున్న ప్లగిన్ల జాబితా మాస్టారు చదవడం, నేను వేయడం, సైటు చూడటం. తొమ్మిదో దాని దగ్గర మళ్ళీ తెల్లబడింది. దొంగ దొరికాడు. ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతూ కనిపించే సోకు ప్లగిన్ అది. దాన్ని పీకి పారేసి, మిగిలినవన్నీ వేసి, ఆ తెలియని మనిషికి పెద్ద ఉత్తరం రాసి, సాక్చిలో మాస్టారికి చాయ్, సమోసా ఇప్పించి ఇంటికి వెళ్ళాను. ఆ పూట ఆటో ఎగిరినట్టు అనిపించింది.

ఆ సంతోషంలో ఒక సంగతి మరిచిపోయాను. దాచే ప్లగిన్లు రెండూ శనివారం కొత్తగా తగిలించినవి. నోటుపుస్తకంలో వాటి పేర్లు లేవు. కనక అవి మళ్ళీ వేయలేదు. నేను లోపలికి వెళ్ళి చూస్తున్నాను కాబట్టి దాచిన పేజీలు కూడా నాకు ఎలాగూ కనిపిస్తాయనుకున్నాను, అనుమానం రాలేదు.

సోమవారం. ముగ్గురూ వచ్చారు. ఇద్దరు మగవాళ్ళు, కాగితాల కట్టలు పట్టుకుని. మూడో ఆవిడ పొట్టి జుట్టు పెద్దావిడ. ఏదో కర్మాగారంలో లోహాలు పరీక్షించే ల్యాబ్ నడిపి రిటైరయ్యారట. ప్రిన్సిపాల్ గారి గదిలో పెద్ద టీవీకి కంప్యూటర్ తగిలించి, సైటు చూపించమని నన్ను పిలిచారు. ఆ కంప్యూటర్ నాది కాదు. నా పాస్‌వర్డ్ లేకుండా, బయటివాళ్ళు చూసినట్టే తెరుచుకుంది.

గోడంత టీవీ మీద మొదట కనబడింది 'తప్పుల పెట్టె'. దాని కింద జనం రాసిన మాటలు.

ప్రిన్సిపాల్ గారు నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. ఆయన గబగబా, "ఇది పాతది మేడమ్, తీసేస్తున్నాం, అడ్మిషన్ పేజీ చూపించండి" అన్నారు. నేను పక్కకి జరపబోయాను.

"ఠహరియే" అని ఆపారు పెద్దావిడ.

కళ్ళజోడు పెట్టుకుని లేచి టీవీ దగ్గరికి వచ్చారు. ముక్కల ఫొటోలు చూశారు. ఒకటి, రెండు, పది. నలభై ఒకటో దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు మాటలు కొన్ని ఉన్నాయి. ఇదేమిటి, చదివి చెప్పమన్నారు. నేను అప్పటిదాకా దాన్ని చూడలేదు. శుక్రవారం వచ్చినట్టుంది. చదివి హిందీలో చెప్పాను.

విశాఖ వైపు కాంట్రాక్టు పనిలో ఉన్న ఒక వెల్డర్ రాశాడు. ట్యాంకును క్రేన్‌తో ఎత్తడానికి వేసిన కొక్కేనికి ఆ రోజు వానలో తడిసిన రాడ్లతో వెల్డింగ్ చేశారట. పైకి బాగానే ఉంది. భోజనాల వేళ ఫోన్‌లో ఈ ముక్క చూశాడట. వెళ్ళి సూపర్‌వైజర్‌తో గొడవపడి కోయించాడు. లోపల జల్లెడే. మళ్ళీ వేశారు. 'ఎత్తినప్పుడు కింద నలుగురం ఉన్నాం గురూజీ' అని రాసి ఊరుకున్నాడు.

"ఈ పెట్టె నిజంగా ఉందా?" అని అడిగారు పెద్దావిడ.

మాస్టారిని పిలిపించారు. ఆయన ఎర్రపెట్టెను ఛాతీకి ఆనించి మోసుకొచ్చి ప్రిన్సిపాల్ గారి అద్దాల బల్ల మీద దించారు. అద్దం పగులుతుందేమోనని ప్రిన్సిపాల్ గారు బల్ల అంచు పట్టుకున్నారు. పెద్దావిడ ఒక్కో ముక్కా తీసి కిటికీ వెలుతురులో చూస్తూ ప్రశ్నలు వేశారు. మాస్టారు తన హిందీలో జవాబులు చెప్పారు. వాళ్ళిద్దరి మధ్యా ఒక పావుగంట మిగిలిన వాళ్ళం లేనట్టే. చివరికి అడుగున ఉన్న ఒకటో నంబరు తీశారు.

"ఇది మరీ ఘోరంగా ఉంది. ఎవరు చేశారు?"

"మేరా హై మేడమ్" అన్నారు మాస్టారు.

పద్దెనిమిదేళ్ళప్పుడు, మొదటి ఉద్యోగానికి పరీక్ష పెడితే తొందరలో చేసి తప్పారట. పరీక్ష పెట్టినాయన ముక్కని విసిరేస్తే, వెతుక్కుని తెచ్చుకున్నారట. ఇరవయ్యేళ్ళుగా పక్కన పనిచేస్తున్నాను, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఇంతలో కాగితాల కట్ట ఉన్న ఒకాయన, "చాలా మంచి ఆలోచన. మొదటి పేజీలోనే పెట్టడం ధైర్యం" అని ప్రిన్సిపాల్ గారిని మెచ్చుకున్నారు. ఆయన అవుననా కాదనా తెలియకుండా తల ఊపారు. నాకు నోరు ఆగలేదు. "సార్, అది దాచమన్నారు. నేను దాచాను కూడా. శనివారం నా పొరపాటుతో సైటు పడిపోయి, నిన్న లేపినప్పుడు దాచే ప్లగిన్ వేయడం మరిచిపోయాను. మీరు చూడాల్సింది కాదు ఇది" అని మొత్తం చెప్పేశాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆ బల్ల మీద అన్ని తప్పులు నంబర్లతో సహా వెలుతురులో ఉండగా నాది ఒక్కటీ దాచుకోవడం బాగుండదనిపించింది.

పెద్దావిడ ముందు నవ్వారు. తర్వాత, "అయితే దీన్నీ రాసి పెట్టండి. నూట పదమూడో నంబరు" అన్నారు.

వాళ్ళు ఏం నిర్ణయించారో చెప్పకుండానే వెళ్ళిపోయారు. నాలుగు రోజులు గడిచాయి. ప్రిన్సిపాల్ గారు నాతో పనికి మించి మాట్లాడలేదు. నేను నూట పదమూడో పేజీ రాసి పెట్టాను. అన్నీ ఒక్కసారే మార్చకండి, డేటాబేస్ కాపీ తీసుకోండి, చేసిన ప్రతి మార్పూ నోటుపుస్తకంలో రాసుకోండి. మీకూ ఇప్పుడు అదే చెబుతున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు వెల్డింగ్ షెడ్డులోకి స్వయంగా వచ్చారు. నేను అక్కడే హాజరు పట్టీ తీసుకుంటున్నాను. ఏదో అరుస్తున్నారు. చప్పుడులో ఎవరికీ వినబడటం లేదు. చివరికి విసుగొచ్చి మెయిన్ స్విచ్ కట్టేశారు. అన్ని మెషీన్లూ ఆగాయి. పద్దెనిమిది షీల్డులు పైకి లేచాయి.

"అడ్మిషన్ ఖోలో!" అన్నారు. "విభాగం ఉంటుంది. రెండు కొత్త మెషీన్లు కూడా వస్తాయి. మిగతా రెండు ట్రేడులకీ తప్పుల పెట్టెలు పెట్టమన్నారు."

షెడ్డు దద్దరిల్లింది. కుర్రాళ్ళు మాస్టారిని ఎత్తుకున్నంత పని చేశారు. ఆయన వాళ్ళని తోసుకుంటూ, "రాడ్లు కింద పడేత్తన్నారు, తడిసిపోతాయిరా" అని కసురుతున్నారు. కళ్ళు మాత్రం వేరే చెబుతున్నాయి. అదే సాయంత్రం ప్రిన్సిపాల్ గారు ఎవరితోనో ఫోన్‌లో, "మా సెంటర్‌లో మొదటినుంచీ మేం తప్పులు దాచం" అనడం నా చెవులారా విన్నాను. విని పక్కకెళ్ళి నవ్వుకున్నాను.

వెంటనే ఆఫీసుకి వచ్చి అడ్మిషన్ నోటీసు టైపు చేశాను. హిందీలో, తెలుగులో. నా వెనకే మాస్టారు వచ్చి నిలబడ్డారు. ప్రచురించే మీట దగ్గర ఆపి, మీరు నొక్కండి అన్నాను.

"నానా? సేతులకి మసి."

"మసి తుడుచుకుంటే పోతాది. నొక్కండి."

చూపుడువేలు మడిచి, కణుపుతో నొక్కారు. కరెంటు కొడుతుందేమోనన్నట్టు వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

సోమవారం పొద్దున ఆఫీసు తాళం తీస్తుండగానే ఫోన్ మోగుతోంది. మాస్టారు రిజిస్టర్లో సంతకం పెట్టడానికి అప్పుడే లోపలికి వచ్చారు. అవతల ఒక ఆడమనిషి గొంతు. రైల్వే క్వార్టర్ల నుంచి చేస్తోందట. తెలుగులో మాట్లాడాలా హిందీలో మాట్లాడాలా అని కాసేపు తడబడి, చివరికి అడిగింది.

"మీ సైటు సూసినామండి. మా పిల్ల ఆ పెట్టంతా సదివేసినాది. వెల్డింగే నేర్సుకుంటానని పట్టుబడతన్నాది. ఆడపిల్లల్ని తీసుకుంతారా?"

అన్నేళ్ళలో ఆ షెడ్డులో ఒక్క ఆడపిల్ల కూడా చేరలేదు. అడిగినవాళ్ళు కూడా లేరు. రిసీవర్ మీద చెయ్యి అడ్డుపెట్టి మాస్టారితో చెప్పాను.

ఆయన పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. "ఎందుకు తీసుకోం? ఈరోజే రమ్మను" అన్నారు. రెండడుగులు వేసి మళ్ళీ ఆగి, "పొడుగెంతుంతాదో అడుగు. మన దగ్గరున్న తోలు ఏప్రాన్లన్నీ పెద్దయ్యే" అని, స్టోర్‌రూమ్ తాళంచెవి అందుకుని గబగబా వెళ్ళిపోయారు.